ఎక్కడైనా పెట్టుకోవచ్చట!

"అమ్మా, చిన్నది తీసుకో. తేలిగ్గా ఉంటుంది. ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

మా అబ్బాయి ఈ మాట అన్నప్పుడు నేను పోపు వేస్తున్నాను. ముందు ఆవాలు చిటపటమన్నాయో, నా మనసే చిటపటమందో చెప్పలేను గాని, చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది. వాడు కాని మాటేమీ అనలేదు. ప్రేమగానే అన్నాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు కనక కంప్యూటర్ల విషయంలో మా ఇంట్లో వాడి మాటే వేదం. ఎటొచ్చీ ఆ "ఎక్కడైనా" అన్న ముక్క దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది.

సంగతి మొదటినించీ చెప్తాను. మా ఇంట్లో కంప్యూటర్లు రెండు. మొదటిది ఇంటి కంప్యూటరు. ఇంటిది అంటే అందరిదీ అనేకదా అర్థం! అందరిదీ కనకనే అది మా అబ్బాయి గదిలో ఉంటుంది. దానికి ఇరవై నాలుగంగుళాల తెర, ఓ బల్ల, తిరిగే కుర్చీ, బల్ల మీద దీపం, ఇన్ని సరంజామాలున్నాయి. రెండోది నాది. 2018లో కొన్నారు. తెర పదకొండున్నర అంగుళాలు, బరువు కిలోంబావు. దాని మీదే మూడు నవలలు రాశాను, లెక్కపెట్టనన్ని కథలు రాశాను. మొన్న దసరా వెళ్ళిన మూడోనాడు అది కన్ను మూసింది. బాగుచేసే కుర్రాడు నాడి చూసి, "దీనికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసి కొత్తదే కొనుక్కోండమ్మా" అన్నాడు. కాబట్టి మళ్ళీ రెండో కంప్యూటరు కొనాలి.

రెండో కంప్యూటరు అన్న మాటలోనే ఉంది కిటుకంతా. మొదటిది కొనేటప్పుడు దానితో ఏం పనులున్నాయని ఆలోచిస్తారు. రెండోది కొనేటప్పుడు ఎంతలో సరిపెట్టొచ్చని ఆలోచిస్తారు. మా వారు ముప్ఫై అయిదు వేల దగ్గర గీత గీశారు. ఆ గీతకి లోపల అబ్బాయి రెండింటిని ఏరాడు. ఒకటి అచ్చం నా పాతదానికి చెల్లెలు: పదకొండున్నర అంగుళాల తెర, కిలో రెండువందల గ్రాములు. ఇంకోటి పదిహేనున్నర అంగుళాల తెర, కిలో ఎనిమిదివందలు. దీని తెర మంచిదేగాని బరువట. అది తేలికేగాని తెర అంతంత మాత్రమట. "నీకు చిన్నదే నయం" అని తీర్పు కూడా వాడే చెప్పేశాడు. వాళ్ళ నాన్న తలూపారు.

తేడా ఎంతో చూశారా? ఆరువందల గ్రాములు! అర కిలో వంకాయలు, పైన కొసరు. ఈ ఇంట్లో పదిహేను లీటర్ల నీళ్ళ బకెట్టు మేడ మీదికి మోసేదాన్ని నేను. పాతిక కిలోల బియ్యం బస్తా లిఫ్టు పాడయిన రోజునే వస్తుంది, దాని రెండో చెవి పట్టుకునేదాన్నీ నేనే. ఖాళీ సిలిండరు దొర్లించేదాన్ని, పసివాడుగా ఉన్నప్పుడు ఈ సలహాలరాయుణ్ణే చంకనేసుకుని బస్సులెక్కినదాన్ని. అప్పుడెవరికీ గుర్తురాని నా భుజం నొప్పి, తెర దగ్గరకొచ్చేసరికి అందరికీ గుర్తొచ్చింది సుమండీ!

సరే, కోపం మీద మాట్లాడకూడదని, ఓ రాత్రి కూర్చుని నా పాత లాప్‌టాప్ చరిత్రంతా లెక్క వేశాను. ఏడేళ్ళలో అది గడప దాటింది ఎన్నిసార్లు? తొమ్మిదిసార్లు. అందులో మూడు మా అమ్మ దగ్గరికి గుంటూరు వెళ్ళినప్పుడు. రెండు సాహిత్య సభలకి. అక్కడ సంచీలోంచి బయటికి తియ్యనే లేదు. ఒకసారి తిరుపతి, అక్కడ తీసే ప్రసక్తే లేదు. ఒకసారి పెళ్ళి. ఒకసారి బాగుచేయించటానికి. తొమ్మిదోసారి, అమ్మకి మోకాలి ఆపరేషనయినప్పుడు, పదకొండు రోజులు ఆస్పత్రి గదిలో. అబద్ధమెందుకు? ఆ పదకొండు రోజులూ అది నా ప్రాణం నిలబెట్టింది. అమ్మ నిద్రపోయాక, ఎదర స్టూలు మీద అది పెట్టుకుని సీరియల్ రెండు వారాల భాగాలూ పూర్తిచేశాను. పెద్దదయితే ఆ స్టూలు మీద పట్టేది కాదు. ఆ మేరకి తేలికదానికి నేను రుణపడే ఉన్నాను.

అయితే ఇల్లు దాటింది తొమ్మిదిసార్లయితే, ఇంట్లోనే అది చేసిన ప్రయాణం మాటేమిటి? రోజూ పొద్దున్న డైనింగ్ టేబుల్ మీద. ఎనిమిదికి పళ్ళాలొస్తాయి, అక్కణ్ణించి పడకగదిలో మంచం మీదికి. పదకొండుకి మా అత్తగారు నడుం వాలుస్తారు, దీపం పనికిరాదు కనక హాల్లో సోఫాలోకి. నాలుక్కి టీవీ. అక్కణ్ణించి వంటింటి గట్టు మీదికి, మిక్సీ పక్కకి. రాత్రి అందరూ పడుకున్నాక మళ్ళీ డైనింగ్ టేబుల్. రోజుకి అయిదు మజిలీలు. ఏడేళ్ళు! మోసుకెళ్ళటానికి వీలని కొన్న వస్తువు నిజంగా మోసింది ఈ రెండు పడకగదుల ఫ్లాటులోనే. నేను ప్రయాణాలు చేస్తానని కాదు దాన్ని తేలిగ్గా కొన్నది. ఎవరైనా వస్తే తీసి పక్కకి తప్పుకోవటానికి వీలుగా ఉండాలని.

మా తాతగారి ఇల్లు గుర్తొచ్చింది నాకు. వసారాలో ఆయన పడక్కుర్చీ ఉండేది. ఆయన ఊళ్ళో లేకపోయినా ఎవరూ అందులో కూర్చునేవారు కారు. ఆ కుర్చీ పక్కన కిటికీ, కిటికీలో కళ్ళజోడు, పంచాంగం, విసనకర్ర. వెలుతురు ఏ వేళకి ఎటునించి పడుతుందో చూసి వేసిన కుర్చీ అది. మా అమ్మమ్మకి పీట ఉండేది. పొద్దున్న పొయ్యి దగ్గర, మధ్యాహ్నం పెరట్లో బియ్యం ఏరుతూ, సాయంత్రం తులసికోట దగ్గర. పీట చంకనపెట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఎంత తేలిక! ఎక్కడైనా వేసుకోవచ్చు! ఆ పీట మీద కూర్చుని ఆవిడ భారతం మొత్తం చదివింది, సందె చీకట్లో, పుస్తకం ముక్కుకి ఆనించుకుని. వెలుతురున్న చోట పడక్కుర్చీ ఉండేది మరి. లాప్‌టాప్ అనేదాన్ని ఈ మధ్య కనిపెట్టారని అంటారుగాని, మన ఇళ్ళల్లో అది ఎప్పటినించో ఉంది. నాలుగు కోళ్ళుంటాయి దానికి.

ఇక తెర సంగతి.

తెర మీద కనిపించే బొమ్మయినా అక్షరమయినా చుక్కలతో కట్టిందే. ముగ్గు వేసే చెయ్యి ఏదైనా ఈ రహస్యం ఇట్టే పట్టుకుంటుంది. నా పాతదాంట్లో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. మొత్తం పది లక్షల నలభై తొమ్మిది వేల చిల్లర. పెద్దదాంట్లో అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం ఇరవై లక్షల డెబ్భై మూడు వేల ఆరువందలు. ఇంచుమించు రెట్టింపు. పదిహేను చుక్కల ముగ్గుని ఏడు చుక్కల్లో వెయ్యమంటే ఏం చేస్తాం? మెలికలు మింగేస్తాం. మన అక్షరాలకి జరిగేది అదే.

ఇంగ్లీషు అక్షరం ఒంటినిట్టాడి పాకలాంటిది. తక్కువ చుక్కల్లో ఇమిడిపోతుంది. మన "స్త్రీ"ని చూడండి: పైన గుడి దీర్ఘం, నడుమ స, కింద తవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. మూడంతస్తుల మేడ! "లక్ష్మి" కూడా అంతే. ఒక క కింద ఇద్దరు కాపరముంటారు. ద కీ ధ కీ తేడా కిందనున్న చిన్న ముల్లు. ర కీ ఠ కీ తేడా పొట్టలో చుక్క. ప తల మీద సందుంటుంది, ఆ సందు పూడిపోతే వ అయి కూర్చుంటుంది. ఈ ముళ్ళూ చుక్కలూ సందులూ కనపడాలంటే తెరకి తగినన్ని చుక్కలుండాలి, అవి నలభై ఏళ్ళు దాటిన కంటికి ఆనేటంత పెద్దగా ఉండాలి. పోనీ చిన్న తెర మీదే అక్షరాలు పెంచుకుందామా అంటే, పేజీ కురచయిపోతుంది. నా కంటికి ఆనే సైజు పెడితే, పైన మెనూలూ కింద పట్టీ పోగా, పన్నెండు లైన్లు మిగిలేవి నాకు.

కంప్యూటర్లో తెలుగు అక్షరాలకి పేర్లున్నాయి తెలుసా? విండోస్ ఎక్స్‌పీతో వచ్చినదాని పేరు గౌతమి. విండోస్ 7తో వచ్చినది వాణి. ఆ తరవాత విండోస్ 8తో వచ్చినది నిర్మల. అన్నీ ఆడపిల్లల పేర్లే! అక్షరాలకి మన పేర్లు పెట్టుకోవటానికి అభ్యంతరం లేదుగాని, అవి స్పష్టంగా కనపడే తెర మనకి కొనటానికి మాత్రం బరువు అడ్డొస్తుంది.

దీనివల్ల నాకు జరిగిన అప్రతిష్ఠ ఒకటి చెప్తాను, నవ్వకండి. నాలుగేళ్ళ కిందట ఓ వారపత్రికలో నా సీరియల్ వస్తోంది. అందులో కొత్త కోడలు గృహప్రవేశం చేసి, అత్తగారి పాదాలకి నమస్కరించాలి. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద టైపు చేస్తాను. అందులో ప ఉన్న మీట కిందనే వ ఉంటుంది. వేలు జారింది. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద, ఆ చిన్న తెర మీద, రెండుసార్లు దిద్దాను. ప లాగే కనిపించింది. అచ్చయి వచ్చాక చూసుకుంటే "కోడలు అత్తగారి వాదాలకు నమస్కరించింది" అని ఉంది! ఒకావిడ ఉత్తరం రాసింది, ఎంత సున్నితంగా ఎత్తిపొడిచారండీ అని మెచ్చుకుంటూ. మా అత్తగారు మాత్రం ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడారు.

అది నవ్వులాట సంగతి. నవ్వులాట కానిది ఇంకోటుంది. పన్నెండు లైన్ల కిటికీలోంచి నవల రాస్తే ఏమవుతుందో నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు పేజీలో ఏం రాశానో కనపడదు. కిటికీ చువ్వల్లోంచి ఊరేగింపు చూసినట్టు, ఎదర ఉన్న మనిషి తప్ప ముందు వెళ్ళినవాళ్ళూ వెనక వస్తున్నవాళ్ళూ లేరు. మూడో నవలలో నా పేరాలు పొట్టివయిపోయాయి. వాక్యాలు తెగిపోయాయి. "మీ శైలి మారిందే!" అన్నారొకరు. మారలేదు, పట్టలేదంతే. అధ్యాయం మొదట్లో ఆకుపచ్చ చీర కట్టిన మనిషి చివర్లో ఎర్రచీరతో ఏడుస్తుంటే పాఠకులు ఊరుకుంటారా? సాయంత్రానికి నుదురు పగిలిపోయేది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, చత్వారం సహజమే అంటూ, "ఎంత దూరంనించి చూస్తారు తెరని?" అని అడిగారు. మూర పెట్టి చూపించాను. ఆయన కలం కింద పెట్టేశారు. చదువుకునే కళ్ళజోడు పుస్తకం దూరానికి ఇస్తారు. తెర ఇంకొంచెం ఎడంగా ఉండాలి, కంటి ఎత్తుకి ఇంచుమించు సమంగా ఉండాలి. ఒళ్ళో పెట్టుకున్న చిన్న తెర రెంటికీ పనికిరాదు. చూపు అందక మనమే దాని మీదికి వంగుతాం. మా అమ్మమ్మ పుస్తకం మీదికి వంగినట్టే.

ఈ పట్టింపంతా మనసులో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఓ షాపుకి వెళ్ళాం ఆయనా నేనూ. అక్కడి కుర్రాడు నన్నొకసారి చూసి, ఆయనతో, "మేడమ్‌కి అయితే ఈ చిన్నది చాలు సార్" అన్నాడు. కొనేదెవరో వాడేదెవరో అడగనేలేదు! తెరల మీద జలపాతాలు, పూలు, చిలకలు తిరుగుతున్నాయి. జలపాతం ఎంత నాసి తెర మీదైనా బాగానే ఉంటుంది. "బాబూ, దాన్నాపి తెలుగు పేజీ ఏదైనా తియ్యి" అన్నాను. వాడు తెల్లబోయాడు. ఏడేళ్ళుగా ఇక్కడున్నాను మేడమ్, ఎవరూ అలా అడగలేదన్నాడు. తీశాడు. చిన్నదాని మీద ధ ముల్లు వెతుక్కోవలసి వచ్చింది. మూత కొంచెం వెనక్కి వాల్చితే మనుషుల మొహాలు ఫొటో నెగెటివ్‌లా నల్లబడ్డాయి. పెద్దదాన్ని ఎటు తిప్పినా అక్షరం అక్షరంలా నిలబడింది. "ఇది ఐపీఎస్ తెర మేడమ్" అన్నాడు కుర్రాడు, ఇప్పుడు నాతోనే మాట్లాడుతూ. మీరు వెళ్ళినప్పుడు మీరూ అడగండి. మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు మడత విప్పించి వెలుతుర్లో చూడకుండా కొంటామా?

తేలికా, మంచి తెరా రెండూ కలిసినవి లేవా అంటే, ఉన్నాయి. యాపిల్ కంపెనీ మాక్‌బుక్ ఎయిర్ 2022లో వచ్చినది కిలో రెండువందల నలభై గ్రాములు, దాని తెర మీద నలభై రెండు లక్షల పైచిలుకు చుక్కలు. చేత్తో పట్టుకుంటే విస్తరాకులా ఉంది. ధర చెప్పగానే ఆయన నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చారు. తప్పు లేదు. గీత ఆ దరిదాపుల్లో లేదు. చూశారా, డబ్బుంటే ఈ బేరమే అక్కర్లేదు! బరువో, చూపో ఒకటి వదులుకోమనేది మనలాంటి ఇళ్ళల్లోనే.

మోసుకుపోయే కంప్యూటరు పుట్టటమే ఈ లోపంతో పుట్టింది. 1981లో అమెరికాలో ఆస్బర్న్ 1 అని ఒకటి వచ్చింది, జనం విరగబడి కొన్నారు. దాన్ని తెచ్చిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యం కొంత మన పొరుగునే, తిరువణ్ణామలైలో గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆయన మీద పుస్తకాలు రాసినవాడు. కొడుకు చివరికి 2003లో కొడైకెనాల్‌లోనే కన్నుమూశాడు. ఆ ఆస్బర్న్ 1 బరువు పదకొండు కిలోలు! కుట్టుమిషను పెట్టెలా పిడి పట్టుకుని ఎత్తేవారు. అంత బరువు మోసినవాడికి దక్కిన తెర ఎంతనుకున్నారు? అయిదంగుళాలు. వరసకి యాభై రెండు అక్షరాలు. ఇప్పుడు మన చేతిలో ఫోను తెరే అంతకన్నా పెద్దది. పదకొండు కిలోలు కిలోంబావు అయింది, సంతోషం. కాని "మోసుకుపోతావుగా, తెరతో సర్దుకో" అన్న మాట మాత్రం అప్పటిదే ఇప్పటికీ నడుస్తోంది.

మా పిన్ని కూతురు దీన్నొప్పుకోదు. హైటెక్ సిటీలో ఉద్యోగం, రోజూ మెట్రోలో రాకపోకలు. సంచీలో లాప్‌టాప్, దాని ఛార్జరు, క్యారియరు, నీళ్ళసీసా. "అక్కా, నువ్వు ఇంట్లో కూర్చుని ఆరువందల గ్రాములేగా అంటావు. నిలబడి గంటసేపు మోసి చూడు" అంది. నిజమే. ఆ పిల్ల భుజం మీద సంచీ వార చార కూడా చూశాను. ఆ పిల్ల తేలికదే కొనుక్కోవాలి, అందులో వాదమే లేదు. కాని కాస్త ఆగండి. ఆ అమ్మాయికి ఆఫీసులో తన పేరున ఓ బల్ల ఉంది, దాని మీద ఓ పెద్ద తెర ఉంది. లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి దానికి తగిలిస్తుంది. అంటే మోత దారిలోనే, పని పెద్ద తెర మీదే. చేరవలసిన చోట బల్ల ఉన్నవాళ్ళకి తేలిక లాప్‌టాప్ వరం. నాకు ఏ చివరా బల్ల లేదు. నేను దాన్ని ఎక్కడికి మోసుకెళ్ళి ఎక్కడ పెట్టను?

ఇదే మాట ఇంటికొచ్చి అన్నాను. పెద్దదే కావాలి, దానికో బల్ల కావాలి అన్నాను. అప్పుడు బయటపడింది అసలు రంగు. ధర గురించి ఎవరూ కిక్కురుమనలేదు. రెంటికీ తేడా నాలుగువేలే. బరువు ఊసే లేదు. "బల్లా? ఎక్కడ వేస్తావు బల్ల?" అన్నారాయన.

ఎక్కడైనా పెట్టుకోవచ్చన్న మనుషులు! ఇంత ఇంట్లో బల్లకి చోటు చూపించలేకపోయారు!

పక్క ఫ్లాటు వదినగారు కూడా, "నాకైతే చిన్నదే చాలు వదినా, బల్లలూ అవీ ఎందుకొచ్చిన గొడవ" అంది. ఈ "చాలు" అనేమాట మనకి ఎవరు నేర్పారో గాని, మనం నోరు తెరవకముందే అది నాలిక చివర కూర్చుంటుంది. అడుగంటిన అన్నం చాలు, చీకటి మూల చాలు, పది లక్షల చుక్కలు చాలు. ఆవిడ ఆ చిన్నదాంట్లో పిల్లలకి ట్యూషన్లు చెప్తుంది రోజుకి నాలుగు గంటలు. కళ్ళజోడు ఏడాదికోసారి మారుస్తుంది. గొడవ పడకుండా ఉన్నందుకు దక్కింది అదీ.

మా హాల్లో ఓ మూల ట్రెడ్‌మిల్ ఉంది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఆయన ముచ్చటపడి కొన్నారు. దాని మీద ఇప్పటిదాకా ఆయన నడిచిన దూరమంతా కలిపితే మల్కాజిగిరి స్టేషను దాకా కూడా రాదు. ఆ తరవాత్తరవాత తువ్వాళ్ళు ఆరేసుకోవటానికి చక్కగా ఉపయోగపడుతోంది. కిటికీ పక్కనే ఉంది. ఎండ మొహాన పడదు, వెలుతురు మాత్రం ఎడమవైపునించి వస్తుంది. నేను టేపు తెచ్చి కొలిచాను. అయిదున్నర అడుగులు. ఆయన పేపరు చాటునించి చూశారుగాని ఏమీ అనలేదు. అబ్బాయి ఫోను చూసుకున్నాడు. నేనూ పట్టు విడవలేదు. ఆ రాత్రీ, ఆ మర్నాడూ ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

మూడోనాడు మా అత్తగారు జపమాల పక్కన పెట్టి, "ఆ పరుగుబల్ల తీసేసి అమ్మాయికి రాతబల్ల వెయ్యండిరా, రోజూ ఈ మూతిముడుపులు చూడలేను" అన్నారు. వాదాలకి నమస్కారం పెట్టించానని వారం రోజులు మాట్లాడని మనిషి!

పదిహేనున్నర అంగుళాలది వచ్చింది. మూడున్నర అడుగుల పాత బల్ల ఒకటి కొన్నాం. తెర కంటి ఎత్తుకి రావాలి కనక, మా అమ్మ 1980ల్లో వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించిన సీరియళ్ళు రెండు దాని కింద పెట్టాను. వేరే కీబోర్డు తగిలించాను. ఇప్పుడు నాకు పేజీ మొత్తం కనిపిస్తోంది. ధ కి ముల్లుంది. ప ప లాగే ఉంది. కొత్త నవలలో పేరాలు మళ్ళీ ఒళ్ళు చేస్తున్నాయి.

మా అబ్బాయి మొన్న ఆదివారం వచ్చి, "అమ్మా, ఇవాళ నీ దాంట్లో మ్యాచ్ చూస్తాను, దాన్ని నా గదిలోకి పట్టుకెళ్ళనా?" అన్నాడు. దాన్ని ఇక్కణ్ణించి కదపటానికి వీల్లేదన్నాను. అంత కటువుగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఎటొచ్చీ ఇంకో చిక్కు వచ్చిపడింది. అత్తగారికి కిందటేడు ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ఇంకా తీయించాలి. ఓ సాయంత్రం నా వెనక నిలబడి, "ఏదమ్మాయ్, ఆ అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి" అన్నారు. చేశాను. ఇంకా పెద్దవి చెయ్యమన్నారు. ఆ పూట మొదలు, నాలుగయ్యేసరికి వచ్చి నా కుర్చీలో కూర్చుంటున్నారు. పేపరు మొదటి పేజీనించి చివరి పేజీదాకా, పెళ్ళి ప్రకటనలతో సహా, గట్టిగా పైకి చదువుతున్నారు. పదేళ్ళయిందట తనంతట తను పేపరు చదివి. ఇప్పుడు ఆరున్నర. లేవమనటానికి నాకు నోరు రావటంలేదు. అందుకని ఈ ఆఖరి పేరా కాగితాల మీద రాస్తున్నాను, వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన నిలబడి.